అవధానిగారికి నరాల వైద్యం

మెదడులో ఏ అలజడి రేగినా ఇంటి గోడే దగ్గరలోని నరాల వైద్యుణ్ణి పిలిచే కాలమది. సాయంత్రపు అష్టావధానానికి పేరిశాస్త్రిగారు సాధన మొదలుపెట్టగానే గోడ, "ఒకే తలలో ఎనిమిది ఆలోచనలు. ప్రమాదం" అని తలుపులు బిగించి, పక్కవీధి డాక్టరు హైమవతిని రప్పించింది.

"నాకే జబ్బూ లేదు తల్లీ. సభకు వేళవుతోంది, తలుపు తీయించు."

"పరీక్ష కాందే తెరుచుకోదండి. పొద్దున ఏం తిన్నారు?"

సభలో పృచ్ఛకులు అడిగినట్టే తోచి, శాస్త్రిగారు ఇడ్డెనల మీద కందపద్యం అందుకుని మూడు పాదాల దగ్గర ఆగారు. చిన్ననాడు పద్యాలు నేర్చిన హైమవతి కళ్ళు మూసుకుని, వేళ్ళ మీద గణాలు లెక్కిస్తూ నాలుగో పాదం వెతకసాగింది.

గోడ మళ్ళీ మోగింది. "ఇప్పుడు రోగులు ఇద్దరు. మరో వైద్యుడు వస్తున్నాడు."

"ఆ వచ్చేవాడికి ఛందస్సు రాకుండా చూడు స్వామీ" అని శాస్త్రిగారు జన్మలో మొదటిసారి మొక్కుకున్నారు.