గరుకు పొడి

"అగాయ్, ఇది మన పొడి కాదు!" చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపిన రౌషన్ తన గురువు మీద కస్సుమంది.

కరగండా ప్రయోగశాల నుంచి సిమెంటు కర్మాగారం వాళ్లు అప్పుడే వెళ్లారు. కింది నుంచి గాలి ఊదితే గాజు గొట్టంలో పొడి నీళ్లలా మరగడం, ఆమె గొట్టానికి అమర్చిన మోటారు కుదుపు మహిమేనని నమ్మి, చప్పట్లు కొట్టి మరీ వెళ్లారు.

"మార్చాను," అన్నాడు బెక్సుల్తాన్, బౌర్సాక్ బూరె నములుతూ. "మెత్తటిది ముద్దకడితే పరువేం కాను? ముతకదైతే ఉత్త గాలికే లేస్తుంది."

"ఎప్పుడు మార్చారు?"

"నువ్వు చాయ్ పోస్తున్నప్పుడు."

అక్కడి ఆచారంలో అతిథికి కప్పు నిండా చాయ్ పోస్తే లేచి వెళ్లమన్నట్టే. అందుకే సగం సగం పోస్తూ ఆమె అక్కడే ఉండిపోయింది. 'నీ చేత్తోనే పొయ్యి తల్లీ' అని ఆయన ముద్దుగా పంపింది ఇందుకన్నమాట!

ఆమె గొట్టంలోని ముతక పొడి తీసేసి, మెత్తటి పొడి పోసి గాలి వదిలింది. పొడి కదల్లేదు. ఎలక బొరియల్లా కన్నాలు పడి, గాలంతా వాటిలోంచి పోయింది.

"చూశావా?" అన్నాడాయన.

ఆమె మోటారు మీట నొక్కింది. గొట్టం సన్నగా వణికింది. బొరియలు పూడిపోయాయి. పొడి ఉబ్బి, పొంగే పాలలా పైకి లేచింది.

నములుతున్న దవడ ఆగిపోయింది.

"అరె, ఇది నిజంగానే పనిచేస్తుందే! వాళ్లని మళ్లీ పిలుద్దాం తల్లీ. నువ్వెళ్లి చాయ్..."

"ఈసారి చాయ్ మీరు పొయ్యండి అగాయ్," అంది రౌషన్. "పొడి దగ్గర నేనుంటాను."