నలభై ఐదు రూపాయల పాత ప్యాంటు

"గిది ఎవల ప్యాంటురా?" అంది ఇంద్రమ్మ, అద్దం ముందు నిలబడ్డ కొడుకుని ఎగాదిగా చూస్తూ.

మహేందర్ పొద్దున్నే బొంబాయి బండి దిగి తాండూరు స్టేషన్ నుంచి నేరుగా ఇంటికొచ్చాడు. స్నానమైనా చేయకుండా సంచీలోంచి ఆ ప్యాంటు తీసి తొడుక్కున్నాడు. నీలం రంగు, గుడారపు గుడ్డంత మందం. మోకాళ్ల దగ్గర అరిగి తెల్లబడింది. కింది అంచున పోగులు వేలాడుతున్నాయి.

"నాదేనమ్మా. జీన్స్ అంటరు దీన్ని."

"నీదైతే మోకాళ్ల కాడ గంత అరిగిందేంది? మొన్ననే గద పోయినవ్?"

"ఓడ మీద పనిచేసే ఖలాసీ తొడిగి అరగదీసిండు. పరదేశపోడు. రేవు కాడ గల్లీల ఇవే అమ్ముతరు."

"ఇంకొకడు విప్పింది కొన్నవా? ఎంతకు?"

"నలభై ఐదు."

ఇంద్రమ్మ పీట వెతుక్కుని కూర్చుంది. అర బస్తా కందులు అమ్మితే వచ్చే డబ్బు అది.

"కొత్తయి లేకుండెనా ఆడ?"

"ఉండె. ముప్ఫైకే ఇస్తనన్నడు. అరిగితెనే దానికి రేటమ్మా. నీకు తెల్వదు."

నిజమే, ఆవిడకు తెలియదు. తెలిసిందల్లా ఒకటే. కొడుక్కి ఇరవై ఆరు దాటాయి. అరవై ఎకరాల ఆసామి అని వచ్చిన సంబంధాలు మూడు, పిల్లవాడి చేతిలో పైసా నిలవదని విని వచ్చిన దారినే పోయాయి. ఇప్పుడు బొంరాస్‌పేట నర్సప్ప కూతురు అరుణాదేవి సంబంధం. మర్పల్లి పెళ్లిలో ఆ పిల్లను చూసినప్పటి నుంచి, చేసుకుంటే ఆమెనే అని మహేందర్ భీష్మించుకున్నాడు. ఇంద్రమ్మకూ పిల్ల ప్రాణంగా నచ్చింది. చిక్కల్లా పిల్ల తండ్రితోనే. నర్సప్ప ఎంగిలి చేత్తో కాకిని తోలడు. వికారాబాద్ కుర్రాడెవరో స్టేషన్ నుంచి ఇంటికి టాంగా ఎక్కాడని తెలిసి, ఖాయమైన సంబంధాన్ని కూడా వదులుకున్నాడట.

"రేపు ఆయన వస్తున్నడు. గిది కంట పడితే మన బతుకు బజార్ల పడ్డట్టే. విప్పు."

"రేపు గద. రేపు తెల్ల ప్యాంటు ఏస్కుంట. ఇయ్యాల్టికి ఉండనియ్యి."

"విప్పమన్ననా లేదా?"

"ఎవలన్న ఉన్నరా ఇంట్ల?" అని వాకిట్లో గొంతు వినిపించింది.

ఇంద్రమ్మ కిటికీలోంచి చూసి గుండె పట్టుకుంది. సాక్షాత్తూ నర్సప్పే. బస్టాండు నుంచి చెప్పులు చేత్తో పట్టుకుని నడిచొచ్చినట్టున్నాడు, గుమ్మం ముందు పాదాలు దులుపుకుని తొడుక్కుంటున్నాడు. చెప్పిన రోజుకు వస్తే ఇంటివాళ్లు సర్దుకుంటారు, ముందురోజు వస్తేనే అసలు గుట్టు తెలుస్తుందని ఆయన లెక్క.

మహేందర్ లోపలికి పరుగెత్తబోయాడు. అప్పటికే నర్సప్ప గడపలో ఉన్నాడు.

"నమస్తే మామా," అన్నాడు మహేందర్ చచ్చినట్టు.

నర్సప్ప చూపు చొక్కా మీదుగా కిందికి దిగి మోకాళ్ల దగ్గర ఆగిపోయింది. పోయింది, నాలుగోదీ పోయింది అనుకుంది ఇంద్రమ్మ. ఇంట్లో ఒక కోడలు తిరిగే అదృష్టం ఈ జన్మకు లేదనుకుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇటు రా బాబూ." నర్సప్ప కుర్చీలో కూర్చుని, ముందుకు వంగి, ప్యాంటు గుడ్డను రెండు వేళ్లతో నలిపి చూశాడు. "గట్టి బట్ట. మస్తు ఏండ్ల కిందిదా?"

"కాదు మామా, మొన్ననే బొం..."

"చాయ్ తాగు అన్నా, సల్లారుతది," అంటూ ఇంద్రమ్మ కొడుక్కని కాచిన చాయ్ గ్లాసు తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది. కొడుకు వైపు ఒక చూపు చూసింది. మహేందర్ నోరు మూసుకున్నాడు.

నర్సప్ప చాయ్ చుక్క మిగల్చకుండా తాగి గ్లాసు కింద పెట్టాడు.

"చెల్లే, ఇప్పటిదాక తొమ్మిది మంది పిల్లగాండ్లను చూసిన. ఒక్కొక్కడు టెరిలిన్ ప్యాంటేసి, మాసిపోతదని కూసోను గూడ కూసోలే. నీ కొడుకు మీద గూడ ఊర్ల ఏందేందో అన్నరు. పైసలు నీళ్ల తీరు పారబోస్తడన్నరు. అందుకే చెప్పకుండ వచ్చిన."

ఇంద్రమ్మ తల దించుకుంది.

"వచ్చింది మంచిదైంది. అరవై ఎకరాలున్న ఇంట్ల పుట్టి, మోకాళ్లు తెల్లవడ్డా, అంచుల పోగులెల్లినా పారేయకుండ తొడుగుతున్నడు. గిసొంటి పొదుపు పిల్లగాడు యాడ దొరుకుతడు? నా బిడ్డను నీ ఇంటికే ఇస్త."

మహేందర్ ఆనందంతో కాళ్లకు మొక్కాడు. ఇంద్రమ్మ అబద్ధం ఆడలేదు, నిజమూ చెప్పలేదు. ఈ శుభం గట్టెక్కితే చాలని కొంగుతో కళ్లొత్తుకుంది.

నర్సప్ప కాబోయే అల్లుణ్ణి లేవదీసి, మరోసారి ఆ ప్యాంటును తృప్తిగా తడిమాడు.

"మా ఇంట్ల ఐదుగురు కొడుకులున్నరు బాబూ. టెరిలిన్ కావాలె, టెరిలిన్ కావాలె అని నా పానం తోడుతున్నరు. లగ్గం బట్టలకు ఆ ఐదుగురిని నీ ఎంబడే పంపిస్త. నువ్వు కొన్న దుకాణంల్నే ఒక్కొక్కనికి అచ్చం గిసొంటియి రెండేసి ఇప్పియ్యి, ఎంతైతే అంత నేనిస్త."