కాకి తెచ్చిన రొట్టెలు

చెరువు గట్టు మీది పక్షుల సంఘానికి కొంగయ్యగారే పాస్టరు. ఆ ఆదివారం ఆయన ఒక ప్రవక్త కథ చెప్పారు. కరువులో ఆ ప్రవక్త ఆకలితో ఉంటే, దేవుడు కాకులతో రొట్టె పంపించాడట. పావురాలన్నీ కళ్ళు తుడుచుకున్నాయి. కాకిని కదా, నేను ఇంకాస్త గట్టిగా ఆమెన్ అన్నాను.

ఆరాధన అయ్యాక ప్రేమవిందు. ఎవరు తెచ్చినవైనా అందరూ పంచుకుని తినాలి. నా రొట్టెలు మాత్రం ఎవరూ ముట్టలేదు. ఎప్పుడూ ఇదే వరస.

"వీటికేమైందండీ?" అని అడిగేశాను.

పావురమ్మ తన పిల్లల్ని రెక్క కిందికి లాక్కుంది. "అపార్థం చేసుకోకు సిస్టర్. మేం రంగు చూడం. పిల్లలకే నలుపంటే కాస్త భయం."

కొంగయ్యగారు గొంతు సవరించుకున్నారు. "ఓపిక పట్టమ్మా. నీ కోసం ప్రార్థన చేద్దాం."

నాకు ఒళ్ళు మండిపోయింది.

"నా కోసం ఎందుకండీ? ఆ ప్రవక్త కోసం చెయ్యండి. ఆయనే గనక మీ సంఘంలో ఉండుంటే, ఎదురుగా రొట్టె పెట్టుకుని ఆకలితో చచ్చిపోయేవాడు. ఆమెన్ అనండి మరి!"