ముందు పలకలు

"ఓడ భోంచేస్తుందా, మనం భోంచేస్తామా? ముందు అది తేల్చండి," అంది భార్య, పళ్ళెం నేలమీద పెడుతూ.

భోజనాల బల్లను ఓడ ఆక్రమించి నాలుగు నెలలైంది.

"ఇంకో ఇరవై రోజులేగా," అన్నాడు వడ్రంగి తలెత్తకుండా.

"పోయిన నెలా ఇరవై రోజులే అన్నారు. మీ ఇరవైకి ఒడ్డూ లేదు, దరీ లేదు."

"వాడి నోట్లో నోరు పెట్టకు అమ్మాయ్," అంది తల్లి. "నా మోకాళ్ళు మాత్రం నేలమీద కూర్చోలేమంటున్నాయిరా."

వడ్రంగి పనిచేసిన చెక్క సామాన్ల కార్ఖానా మూతపడి ఏడాదైంది. ఉన్నట్టుండి మ్యూజియం వాళ్ళు పిలిచి ఈ పని అప్పజెప్పారు. మూడున్నర వందల ఏళ్ళనాటి డచ్చివాళ్ళ తెరచాప ఓడ నమూనా. ఒక పక్క తెరిచి ఉంచాలి. లోపలి కట్టుబడి అచ్చం ఆనాటిలాగే కనపడాలి.

నచ్చితే అక్కడి మరమ్మతుల గదిలో ఖాయమైన ఉద్యోగం. నచ్చకపోతే, ఈ వయసులో ఇంకెవరూ పిలవరు.

టప్‌మని చప్పుడైంది. ఓడ ముక్కు దగ్గర, పక్కటెముకల్లా నిలబెట్టిన వంపు కర్రల మీద వంచుతున్న పలక చీలింది.

అది మూడోది.

"ఎముకలు ముందు నిలబెట్టావు బాబూ. అందుకే," అన్నారెవరో.

కిటికీ బయట ముసలాయన. నెల రోజులుగా రోజూ వచ్చి, ఊచలు పట్టుకుని కాసేపు చూసి వెళ్ళిపోతాడు. ఎవరో తెలియదు. కూతురు 'కిటికీ తాత' అని పేరు పెట్టింది.

"ఎముకలు లేకుండా పలకలు దేనికి బిగిస్తారండీ?" అన్నాడు వడ్రంగి.

"పలకకి పలకే. అడుగు దూలం నుంచి ఒక్కొక్కటీ పక్కపక్కన చేర్చి, విడిపోకుండా చిన్న చెక్కముక్కలు మేకులతో కొట్టేవాళ్ళు. అడుగంతా గిన్నెలా తయారయ్యాక, ఆ వంపుకి సరిపడా ఎముకలు కోసి లోపల పెట్టేవాళ్ళు. తర్వాత ముక్కలు పీకేసి, మేకుల బెజ్జాల్లో పుల్లలు కొట్టేవాళ్ళు. ఆ పుల్లలు కనపడకపోతే అది డచ్చి ఓడే కాదు."

తల్లి పకపకా నవ్వింది. "ఒళ్ళు లేకుండా చొక్కా నిలబడుతుందా అన్నయ్యా?"

"నేను రోజూ కుట్టేది అలాగేగా అత్తయ్యా," అంది భార్య, మూలనున్న కుట్టుమిషను చూపిస్తూ.

ముసలాయన కూడా నవ్వాడు. ఆ నవ్వు వడ్రంగికి పుండు మీద కారంలా తగిలింది.

"ద్వారబంధం ముందా, తలుపు ముందా? ముప్పై ఏళ్ళుగా ఈ చేతులతో చేస్తున్నాను. గట్టు మీద నిలబడి ఎన్ని కబుర్లైనా చెప్పొచ్చు."

"కోప్పడకు బాబూ. ఒక్క ముక్క చేసి..."

"మీరు చూస్తుంటే నా చెయ్యి ఆడటం లేదు. రేపట్నుంచి రాకండి."

కిటికీ తలుపులు మూసేశాడు.

మర్నాడు ముసలాయన రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

నాలుగో పలక చీలింది. ఐదోదీ చీలింది. ఎముకను అరగదీస్తే పలక వంగింది కానీ, ఓడ ఒక పక్కకి ఒరిగి, నలిగిన గుమ్మడికాయలా తయారైంది. వడ్రంగి పళ్ళెం ముందు కూర్చుని అన్నం కలపడం మర్చిపోయేవాడు.

"నాన్నా, తాత చెప్పినట్టు ఒక్కసారి చేసి చూడకూడదూ?" అంది కూతురు.

చెయ్యెత్తాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తిన చేతిని చూసి తనే బెదిరిపోయాడు.

గడువుకి ఎనిమిది రోజులుందనగా ఆఖరి పలక చీలింది.

"వెళ్ళి కాళ్ళో వేళ్ళో పట్టుకుని గడువడగరా," అంది తల్లి.

పొద్దున మ్యూజియానికి వెళ్ళినవాడు మధ్యాహ్నం తిరిగొచ్చాడు. చెప్పులైనా విప్పలేదు. సన్న రంపం తీసుకుని, ఓడ ఎముకల్ని ఒక్కొక్కటే కోయడం మొదలుపెట్టాడు.

"అయ్యయ్యో, అదేం పనండీ!" భార్య మిషను మీంచి లేచి వచ్చింది.

"అందరూ ఇలా రండి," అన్నాడు. గొంతు పెంచలేదు. "ఎముకలు తీసేస్తున్నాను. ముందు పలకలే కడతాను. అక్కడి పాత పుస్తకాలు తిరగేశాను. అలాగే ఉంది."

"ఎనిమిది రోజుల్లో అవుతుందా?"

"అవదు. రెండు నెలలు. గడువు దాటితే ఆ ఉద్యోగం ఇంకొకరికిస్తారట. ఇచ్చుకోండి, ఓడ మాత్రం సరిగ్గా కట్టే తెస్తానని చెప్పి వచ్చాను."

భార్య గోడకి జారగిలబడిపోయింది. "దీన్నే ఎలాగోలా అతికించి ఇచ్చేయండి. పుల్లలు పైపైన గుచ్చితే సరి. ఎవరు కనిపెడతారు?"

"కనిపెట్టేవాడు ఒక్కడే ఉండేవాడు. మొన్న ఆసుపత్రిలో పోయాడట."

"ఎవరూ, ఆ కిటికీ తాతేనా?" తల్లి నోరు నొక్కుకుంది. "పాపం. అయినా దారినపోయే దానయ్య మాటకి కూటికాధారం వదులుకుంటావుట్రా?"

వడ్రంగి రంపం ఆపలేదు.

"ఇరవై ఏడేళ్ళు ఆ మరమ్మతుల గదిలో పనిచేసింది ఆయనేనమ్మా. అక్కడ గోడ మీద ఫోటో చూస్తే తెలిసింది. మా కార్ఖానాలో కొన్న బీరువా సొరుగు లాగి చూసి, అది చేసినవాడెవడో వెతికి పట్టుకుని, నా తర్వాత ఇతనికివ్వండని నా పేరు రాసిచ్చి కుర్చీ దిగిపోయిందీ ఆయనే."