చుక్కల గుడ్డు

విశాఖ బీచ్‌ను సముద్రం మింగేశాక సీగల్ పిట్టలు మా మేడల మీదే గూళ్లు పెడుతున్నాయి. గూట్లో గుడ్డో పిల్లో డాబా కెమెరాకు కనబడినన్నాళ్లూ సరుకులు తెచ్చి, గొట్టాల్లోంచి ఇళ్లలోకి జార్చే డ్రోన్లు అక్కడ దిగకూడదని చట్టం. అందుకని ఈ వేసవంతా ఉప్పూ పప్పూ కింద గేటు దగ్గరే ఆగిపోయాయి. ఎక్కేవాళ్లు లేక లిఫ్టు ఎప్పుడో మూలపడింది. ఏళ్లుగా తలుపు తీయని వాళ్లమంతా సంచులు మోస్తూ మెట్ల మీద కలుసుకున్నాం.

అందరికంటే ఎక్కువ తిట్టింది ఐదో అంతస్తులో ఒంటరిగా ఉండే పరదేశమ్మ మామ్మ. "ఈ పిట్టలు నా మోకాళ్లు తినేస్తన్నాయి" అంటూ ప్రతి మలుపులోనూ కూలబడేది. ఆవిడ కూలబడిన చోటల్లా ఎవరో ఒకరం పక్కన కూర్చునేవాళ్లం.

నిన్న పిల్లలు ఎగిరిపోయాయి. అపార్ట్‌మెంట్ సెక్రటరీని కదా, ఖాళీ గూడు తీసేద్దామని ఇవాళ పైకెళ్లాను. అందులో ఇంకో గుడ్డుంది. చేతిలోకి తీసుకున్నాను. కోడిగుడ్డు! అచ్చం సీగల్ గుడ్డులా కనబడేలా టీ డికాషన్‌లో ముంచి, కాటుక చుక్కలు పెట్టారు.

వెనక ఆయాసం వినబడింది. మామ్మ మెట్ల గోడ పట్టుకుని నిలబడి ఉంది.

"ఇదేటి మామ్మా?"

"నాకేటి తెలుసు నాయనా, పిట్టనడుగు" అంది, కాటుక అంటిన వేలు చెంగులో దాచుకుంటూ.

గుడ్డును మళ్లీ గూట్లో పెట్టాను. చుక్కలు కెమెరా వైపు ఉండేలా కాస్త తిప్పాను.