ఆలస్యానికి పది నిమిషాలు

"ఇవాళ సూర్యుడు ఎటు పొడిచాడ్రా?" అంది శ్రీలలిత, బడి వరండా మెట్లెక్కుతూనే.

ఎనిమిదో తరగతి బాలాజీ అందరికంటే ముందొచ్చి పట్టా మీద కూర్చుని ఉన్నాడు. తల దువ్వుకున్నాడు. చొక్కా గుండీలన్నీ పెట్టుకున్నాడు.

"చప్పట్లు కొట్టండర్రా, మనవాడు టైముకొచ్చాడు!"

పిల్లలు నవ్వుతూ కొట్టారు. వాడు మాత్రం నవ్వలేదు.

ఈ ఏర్పాటు బళ్లు తెరిచినప్పుడు మొదలైంది. ఒక్కో టీచరు కొంతమంది పిల్లల బాగోగులు తన మీద వేసుకుని, రోజూ పొద్దున్నే ఓ అరగంట వాళ్లతో కూర్చోవాలి. పాఠాలు కాదు, ఇంటి కబుర్లు, మనసులో మాటలు. శ్రీలలితకు ఆ అరగంటంటే ప్రాణం. గుండ్రంగా కూర్చోబెట్టి, "అంతా బాగేనా?" అని ఒక్కొక్కరినీ అడిగేది.

"బాగేనండీ" అని ముందుగా అనేది రేవతి. రెండు జడలు బిగించి వేసుకుని, ఒక్క రోజైనా బడి మానని పిల్ల. ఆ పిల్ల గురించి శ్రీలలిత ఎన్నడూ బెంగపడలేదు.

బెంగంతా బాలాజీ మీదే. వాడిదీ రేవతిదీ హంసలదీవి దారిలోని ఒకే పల్లె, పక్కపక్క ఇళ్లే. ఆ పిల్ల వేళకు వస్తే, వీడు అందరూ లేచిపోయే వేళకు ఊడిపడేవాడు. అందుకే ఆమె ఓ నియమం పెట్టింది. ఆలస్యంగా వచ్చినవాళ్లు, మిగతావాళ్లు క్లాసుకి వెళ్లాక, పది నిమిషాలు తనతో ఒంటరిగా కూర్చోవాలి. సాయంత్రం కుదరదు. బడి వదలగానే ఆమె మోపిదేవి బస్సు అందుకోవాలి.

"వాణ్ణి రేపోమాపో చేపల వేటకి పడవెక్కిస్తారండీ, మీకెందుకు శ్రమ" అన్నారు హెడ్మాస్టరు గారు. దాంతో ఆమెకు పట్టుదల పెరిగింది. ఆ పది నిమిషాల్లో వాడికి చెప్పని మంచి మాట లేదు.

"మేడమ్, రేవతి..." అని ఒకసారి నోరు తెరిచాడు వాడు.

"రేవతి సంగతి నీకెందుకు? ఆ పిల్లని చూసి నేర్చుకో."

ఇంకోసారి, "హాస్టల్లో సీటు ఎట్టా ఇస్తారండీ?" అన్నాడు.

"పక్కనున్న బడికే రాలేనివాడికి హాస్టలెందుకురా? ముందు పెందరాళే లేవడం నేర్చుకో."

వాడు తల దించుకుని వెళ్లిపోయాడు. మర్నాడు మళ్లీ ఆలస్యం.

ఇవాళ చప్పట్లు ఆగాక గానీ, రేవతి చోటు ఖాళీగా ఉందని ఆమె గమనించలేదు.

"రేవతి ఏదీ?"

"వాళ్లు నందివాడ వెళ్లిపోయారండీ" అంది తేజస్విని. "చేపల చెరువు కాపలాకి కుదిరారు. నిన్న సామానంతా ఆటోలో వేసుకెళ్లారు."

"రేవతి కూడానా? మరి చదువు?"

"మాన్పించేశారండీ. అమ్మా నాన్నా చెరువు గట్టున ఉంటే తమ్ముణ్ణి ఎవరు చూస్తారు?"

శ్రీలలిత గబగబా ఆడపిల్లల హాస్టల్ వార్డెన్‌కి ఫోన్ చేసింది. ఆవిడ తన స్నేహితురాలే.

"అయ్యో లలితా, పోయిన వారం చెప్పకపోయావా? ఉన్న ఒక్క సీటూ మొన్నే ఇచ్చేశాను. ఇంక వచ్చే ఏడే."

రేవతి వాళ్ల నాన్నకు చేసింది. స్విచాఫ్.

గంట కొట్టారు. పిల్లలు క్లాసుకి లేచారు.

"నువ్వు ఆగరా" అంది బాలాజీతో. "నీకు ముందే తెలుసా?"

"తెలుసండి. వానలప్పట్నుంచీ వాళ్లింట్లో అదే మాట."

"ఆ పిల్ల రోజూ బాగేనండీ అంటుంటే..."

"అందరి ముందూ అడిగితే ఏం చెప్తదండీ? సిగ్గు గదా."

"నువ్వైనా చెప్పొచ్చు కదరా!"

వాడు పట్టా అంచున దారాలు పీకుతూ కూర్చున్నాడు. ఆమె మాట మార్చింది.

"పోనీలే, నువ్వైనా దారిలో పడ్డావు. ఇన్నాళ్లూ లేనిది ఇవాళ టైముకెట్లా వచ్చావురా?"

వాడు తలెత్తి ఆమె వంక చూశాడు.

"ఇంక మీతో విడిగా మాట్లాడే పని లేదు గదండీ."