తుంగ వెనక నీళ్లు

టీ వడకట్టే జాలీ అంత వలను చూసి సుర్యాతీకి నవ్వు ఆగలేదు.

"దాంతో ఏం పడతావయ్యా, దోమల్నా?"

పడవ దిగిన మనిషీ నవ్వాడు. "దోమకన్నా కాస్త పెద్దవే అక్కా. చూసినవాళ్లు పిల్లచేపలనుకుంటారు గానీ, అవి ఎదగడమే అంత. నల్లనీళ్లలో ఉంటాయి. ఇక్కడెక్కడైనా చూశారా?"

పక్కనే తుంగ ఆరబెడుతున్న ఆమె వదిన హలీజా చేతిలో కట్ట దించి అతన్ని ఎగాదిగా చూసింది.

ఊరి వెనక చిత్తడి అడవిని పామాయిల్ కంపెనీ అడుగుతోంది. పొంతియానక్ పట్నంలో సర్కారువాళ్లు రేపే తేలుస్తారు. అడవి ఎండితే తుంగ లేదు. తుంగ లేకపోతే చాపలు లేవు. చాపలల్లకపోతే తనెవరో హలీజాకే తెలీదు. మొన్నామధ్య ఒకడు ఇలాగే పిట్టల కోసమని వచ్చి, దారులన్నీ చూసుకుని, కంపెనీ హద్దులని ఎర్రగుడ్డ కట్టిన కర్రలు పాతిపోయాడు.

ఆ చేపలు ఆమె వంటింటి వెనకే ఉన్నాయి. డికాక్షన్ రంగు నీళ్లలో బియ్యం కడుగు పోస్తే చాలు, గాజుపోగుల్లా మూగుతాయి.

"అదుగో, ఆ కొత్త కాలువలో చూడు. బోలెడుంటాయి," అంది హలీజా.

సుర్యాతీ నోరు తెరవబోతే కాలు తొక్కింది. కంపెనీ తవ్విన ఆ కాలువలో కప్ప కూడా బతకదు.

మర్యాదకి పెట్టిన కాఫీ తాగే తీరిక లేదతనికి. వేలితో గ్లాసు తాకి, ఆ వేలు పెదవికి ఆనించుకుని కదిలాడు. పెట్టినదాన్ని ముట్టకుండా పోతే దారిలో కీడు జరుగుతుందని ఇక్కడి నమ్మకం. ఇక్కడ పుట్టినవాళ్లు తప్ప ఎవరూ అలా చేయరు.

హలీజాకి మనసు కలుక్కుమంది. వెనక్కి పిలవబోయింది. 'దొంగకి ఊరి అలవాట్లు ముందే తెలుస్తాయి' అని సర్దిచెప్పుకుంది. మనసు సర్దుకోలేదు.

ఎండ నడినెత్తికెక్కేదాకా అతను కాలువలో వంగి వెతుకుతూనే ఉన్నాడు. ఆమె ఆరిన తుంగనే మళ్లీ మళ్లీ తిరగేసింది.

ఖాళీ సీసాతో తిరిగొచ్చాడు.

"లేవక్కా."

"నిరుడుండేవి. చచ్చుంటాయి."

"ఇంకెక్కడైనా?"

"ఈ ఊళ్లో నీళ్లన్నీ ఒకటే."

సీసాకేసి చూస్తూ నిలబడ్డాడు. ఆటుకి నీళ్లు తీసేస్తున్నాయని పడవవాడు కేకేస్తే వెళ్లిపోయాడు.

"భలే తోలావు వదినా," అంది సుర్యాతీ.

హలీజాకి అన్నం సహించలేదు. గెలిచినవాళ్లకి ఆకలేయాలి కదా అనుకుంది.

మరునాటి సాయంత్రం ఊరిపెద్ద దెరహ్మాన్ పొంతియానక్ నుంచి వచ్చి, ఆమె మెట్లమీద కూలబడ్డాడు.

"అడవి పోయిందమ్మా. సంతకాలు కూడా అయిపోయాయి."

"ఏం చూసి ఇచ్చేశారు మామా?"

"చూడక ఇచ్చారు. ఎక్కడా దొరకని చిన్నచేప ఒకటి మన నీళ్లలో ఉందని చూపిస్తే అడవి జోలికి రామన్నారు. ఊళ్లో కంపెనీ చెవులున్నాయని మీకెవరికీ చెప్పలేదు."

"మరి చూపించలేదా?"

"లేనిది ఉందని చెప్పే మనిషి కాదతను. నిన్న వల పట్టుకుని మీ గుమ్మం ముందుకొచ్చాడే, మన తరఫున సాక్ష్యం చెప్పడానికి నేను పిలిపించింది అతన్నే."